ఆ ఏడు మా ఇంట పండగ లేదు

ఇంట్లో మనిషి పోతే ఆ ఏడు పండగ చెయ్యరు. కొత్త బట్టలు కట్టుకోలేదేమని అడగరు, పిండివంటలు ఏం చేశారని అడగరు. ఆ ఏడు నాకు కావలసిందల్లా ఆ ఒక్క అనుమతి. అదే దొరకలేదు. మా పాప పోయిందని ఎవరూ అనలేదు మరి. ‘కాన్పు పాడైంది’ అన్నారు.

ఎనిమిదో నెలలో, వానాకాలంలో, ఊపిరి తియ్యకుండానే పుట్టింది. నర్సు ఒక్కసారి చూపించింది. ముఖం సరిగా చూడలేకపోయాను. నల్లగా, ఒత్తుగా ఉన్న జుట్టు మాత్రం చూశాను. నాకు పూర్తిగా తెలివి వచ్చేసరికి మా ఆయన, స్టీలు ప్లాంటులో ఆయనతో పనిచేసే ఇంకొకాయన కలిసి పాపని శివనాథ్ నది ఒడ్డుకి తీసుకెళ్ళి వచ్చేశారు. ఒడ్డున ఎక్కడ పూడ్చారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులకి పాలు పడ్డాయి. ఆపడానికి మాత్రలిచ్చారు.

దీపావళి దగ్గరికొచ్చింది. ఈ హిందీ ఊళ్ళో పెద్ద పండగ అదే. సెక్టర్ 2లో మా ప్లాంటు క్వార్టర్ల వరసంతా సున్నాలు, సఫాయి. “పండగ మానకూడదే, మంచిది కాదు” అంది మా అత్తయ్య. డాక్టరమ్మ, పక్కింటి దీదీ, ఫోన్లో మా అమ్మ, అందరిదీ ఒకటే మాట: పనిలో పడితే మనసు మళ్ళుతుంది. నేనూ నమ్మాను. కాగితం మీద పనులు రాసుకున్నాను. పరదాలు, ఫ్యాన్లు, వంటింటి డబ్బాలు, అరిసెలు, జంతికలు, పక్కవాళ్ళకి ఇవ్వడానికి గుజియా, అంటే వాళ్ళ కజ్జికాయలు. రోజుకో పది పనులు కొట్టేసేదాన్ని, మర్నాటికి పదిహేను రాసేదాన్ని. పిండి కలుపుతూ కలుపుతూ మధ్యలో ఆపేసేదాన్ని. చేతులు కడుక్కుని మళ్ళీ కలిపేదాన్ని.

మా ఆయనది ఇంకో దారి. పండగ వారమంతా మిగతావాళ్ళ డ్యూటీలు కూడా తనే తీసుకున్నారు.

“ఎందుకండీ, ఒంటికి పడుతుందా?” అన్నాను.

“వాళ్ళకి పిల్లలున్నారు కదా, పండగ చేసుకోవాలి” అన్నారు. అనేశాక అన్నం కంచం ముందు నుంచి లేచిపోయారు.

పండగ మూడు రోజులుందనగా పవర్ హౌస్ బజారుకెళ్ళాను. నేనెప్పుడూ కూరలు కొనే ఆవిడ ఆ రోజు బుట్ట పక్కన మట్టి దీపాలు కూడా పెట్టుకుంది. వానల ముందు నా పొట్ట చూసి, బరువులు మొయ్యొద్దని సంచీ ఆటోదాకా తెచ్చిపెట్టిన మనిషి. నన్ను చూసి ముఖం ఇంత చేసుకుంది.

“క్యా హువా దీదీ? లడ్కా యా లడ్కీ?”

“లడ్కీ” అన్నాను. ఆడపిల్లే, అబద్ధం కాదు కదా.

“లక్ష్మీ ఆయీ హై!” అంటూ డజను దీపాల మీద చిన్నవి రెండు వేసింది. “యే బిటియా కే లియే.” అవి పాపకట.

ఎంత బతిమాలినా వాటికి డబ్బు తీసుకోలేదు. ఆటో స్టాండు దాకా నడిచాను. జనం తోసుకుంటూ పోతున్నారు, నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని కాలిబాట మీద కూలబడి బిగ్గరగా ఏడ్చాను. ఒక ఆటో భయ్యా ఎందుకని అడక్కుండా ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు.

మా అత్తయ్య గుమ్మంలోనే చూసింది. “ఏటైందే? ఏటలాగున్నావు?”

చెప్పాను. చెప్పి, ఆ రెండు దీపాలూ ఆవిడ చేతిలో పెట్టాను. గుమ్మంలోనే చతికిలబడ్డాను. ఆవిడ వాటిని పట్టుకునే నా పక్కన నేల మీద కూర్చుంది.

“నాకూ ఒకడు పోయాడే. మీ ఆయన కన్నా ముందు. మూడోనాడు నన్ను పొయ్యి కాడ కూకోబెట్టారు. కాసేపు పడుకోమని ఎవులూ అన్లేదు.” దీపాలు ఒళ్ళో పెట్టుకుంది. “నేనూ నీకు అదే చేస్తన్నాను.”

ఇన్నేళ్ళలో ఆ మాట కొడుక్కి కూడా చెప్పలేదట. ఆ సాయంత్రమే మూకుడులో నూనె తీసేసి, వరసలో ప్రతి గుమ్మానికీ వెళ్ళి తనకొచ్చిన ముక్కల హిందీలో చెప్పొచ్చింది: మా మనవరాలు పోయింది, ఈ ఏడు మాకు పండగ లేదు. మనవరాలు అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను.

దీపావళి నాడు మా ఆయన ఫస్ట్ షిఫ్టు చేసి మధ్యాహ్నం వచ్చారు. “పాపనెక్కడ పెట్టారో చూపించండి” అన్నాను. ఆయన బట్టలు కూడా మార్చుకోలేదు. స్కూటర్ తీశారు.

దుర్గ్ దాటి నది దాకా వెళ్ళాం. తుమ్మచెట్టు పక్కన నాలుగు రాళ్ళు పెట్టానన్నారు. చెట్టు లేదు. వానలకి నది పొంగి ఒడ్డు విరిగిపోయింది. ఆయన అటూ ఇటూ నడిచారు, ఒంగి మట్టి తడిమారు, ప్రతి రాయినీ తిప్పి చూశారు. చివరికి నా వైపు తిరగలేక నీళ్ళకేసి నిలబడి అన్నారు:

“ఇంకా లోతుగా తవ్వాల్సింది. నాకు చేతులు రాలేదు.”

అంతే, అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను. ఊళ్ళో అప్పుడే టపాసులు మొదలయ్యాయి.

“జుట్టు చూశారా?” అన్నాను.

“చూశాను. నీ జుట్టే.”

పొద్దుగూకే ముందు ఇంటికొచ్చాం. అత్తయ్య పప్పూ అన్నం వండిపెట్టింది. ముగ్గురం ఒకేసారి కూర్చుని తిన్నాం.

ఆ తర్వాత రెండు దీపావళులు వెళ్ళాయి. రెండూ చేసుకున్నాం, ఓపికున్నంత మటుకే. మాకింకా పిల్లల్లేరు. ఎవరైనా పిల్లలెంతమందని అడిగితే ఇదివరకు నేను తల దించుకునేదాన్ని. ఇప్పుడు ఆయనే ముందు చెప్తారు: “ఒక పాప. పోయింది.” అడిగినవాళ్ళు ఏమనాలో తెలీక తడబడతారు. మేం వాళ్ళకి సాయం చెయ్యం. ఆ మాటని అలాగే ఉండనిస్తాం.