ఆవిరి మీదున్న ఇంజను

మా మావయ్య పోయారు. అమ్మకి తమ్ముడు. ఆయన పోయిన మర్నాడు ఇక్కడి హిందీ పేపర్లో చిన్న వార్త వేశారు, శత్రువుల రైల్వే యార్డును నేలమట్టం చేసిన బిలాస్‌పూర్ వీరుడు ఇక లేరని. రాసినవాళ్లది మంచి మనసే, కాదనను. కానీ ఆ పేపరు చూసుంటే మావయ్య ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. అందుకే నాకు తెలిసిన మావయ్య గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మా తాతయ్య గూడ్సు బండి డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. క్వార్టరు యార్డు పక్కనే. మావయ్య ఆ బొగ్గుపొగలోనే పెరిగారు. దూరం నుంచి కూత వినగానే వచ్చేది ఏ ఇంజనో చెప్పేసేవారట. అలాంటి కుర్రాడు వాయుసేనలో చేరి బాంబర్ పైలట్ అయితే కాలనీ అంతా మిఠాయిలు పంచుకుంది.

డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయనకి అప్పగించిన పని సరిహద్దు అవతల ఒక రైల్వే యార్డు మీద బాంబులు వేయడం. వేశారు, క్షేమంగా తిరిగొచ్చారు. సెలవు మీద ఇంటికొస్తే స్టేషన్లో దండలు, బ్యాండుమేళం. తాతయ్య మాత్రం డ్యూటీలో ఉన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల మసి కడుక్కుని, కొడుకు పక్కన భోజనానికి కూర్చున్నారు. వడ్డిస్తున్నది అమ్మ. ఆ తర్వాత జరిగింది నాకు చాలాసార్లు చెప్పింది.

“యార్డులో బండున్నాదేటి?” అని అడిగారు తాతయ్య.

“ఉన్నాది నాన్నా. గూడ్సు.”

“ఇంజను ఆవిరి మీదున్నాదా?”

“ఉన్నాది. ఎన్నెల్లో ఆవిరి తెల్లగా కనిపించినాది,” అన్నారు మావయ్య.

తాతయ్య చేతిలోని ముద్ద కంచంలో వదిలేశారు. “అయితే ఇంజన్లో మనిషున్నాడు. ఆవిరి మీదున్న ఇంజన్ని డ్రైవరు ఒగ్గేసి ఎల్లడు.”

ఆ సంగతి మావయ్యకి కొత్తగా చెప్పాల్సింది కాదు. ఇంకెవరైనా పైలట్ అయితే అది ఉత్త పొగ అనుకునేవాడు. డ్రైవరు కొడుకు కాబట్టి ఈయనకి చూసిన క్షణంలోనే తెలుసు. తాతయ్య తిట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, “నువ్వు డ్యూటీ సేసినావు. ఆడూ డ్యూటీయే సేసినాడు,” అని బయటికి వెళ్లిపోయారు. తండ్రీకొడుకుల మధ్య మళ్లీ ఆ ప్రస్తావన రాలేదు. తిట్టినా బాగుండేదనేది అమ్మ.

గడువు పూర్తికాగానే మావయ్య ఆ ఉద్యోగం వదిలి వచ్చి, స్కూల్లో లెక్కలు చెప్పారు. పెళ్లి మాటెత్తితే “చూద్దాం లెండి” అంటూనే అరవై దాటించారు. ఊరి పక్కన మంగ్లా ఇంకా పల్లెటూరుగా ఉన్నప్పుడే అక్కడ పట్టాల పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఈ చప్పుళ్లలో నిద్రెలా పడుతుందని నేను విసుక్కుంటే, “సప్పుడు లేకపోతేనే పట్టదే” అనేవారు. సిగ్నల్ కోసం గూడ్సు బళ్లు అక్కడ గంటలకొద్దీ ఆగుతాయి. బండి ఆగిందంటే మావయ్య ఫ్లాస్కులో టీ పోసుకుని ఇంజను దగ్గరికి బయల్దేరేవారు. డ్రైవరుది ఏ ఊరు, పిల్లలేం చదువుతున్నారు అని ఆరా తీసేవారు. “బాబూజీ, ఆప్ క్యోఁ తక్లీఫ్ కర్తే హైఁ” అని, మీకెందుకండీ ఈ శ్రమ అని వాళ్లు మొహమాటపడేవారు. ఈయన టీ అందకపోతే దేశంలో బొగ్గు కదలదని నేను వెటకారం చేస్తే నవ్వి ఊరుకునేవారు. ఒక్కసారి మాత్రం, “ఈ కరెంటు ఇంజన్లలో మనిషున్నాడో నేడో పైనుంచి సూస్తే తెలీదమ్మా” అన్నారు. మళ్లీ ఆ వెటకారం నా నోట రాలేదు.

ఏటా మహాలయ పక్షాల్లో తాతయ్యకి పిండం పెట్టేవారు. సంగతి తెలిసిన పంతులుగారు, పేరు తెలియనివాళ్లకి కూడా ఒక ముద్ద పెట్టొచ్చు బాబూ, మనసు తేలికపడుతుంది అని చెప్పి చూశారు. మావయ్య ఒప్పుకోలేదు. “బతికున్నాడేమోనండి. ఉన్నోడికి పిండం పెట్టమంటారేటి?” అన్నారు. ఆ ‘ఏమో’నే పట్టుకుని ఆయన ఇన్నేళ్లూ బతికారు.

చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే, “ఆడు దిగిపోయుంటాడంటావా?” అని అడిగారు. ఎవరని నేను అడగలేదు.

“విమానం మోత వినగానే దూకి పరిగెత్తుంటాడు మావయ్యా,” అన్నాను.

నా ముఖంలోకి చూశారు. “మీ తాతైతే దూకుతాడేటి?”

చెంచా గిన్నెలో పెట్టేసి అలాగే కూర్చున్నాను. ఆ మర్నాటి నుంచి ఆయన మాట పడిపోయింది.

పదో రోజున అర్పా నదిలో మా తమ్ముడు కర్మ చేశాడు. ఎండాకాలం కదా, చీలమండల లోతు నీళ్లే ఉన్నాయి. మావయ్య పిండం అయ్యాక విస్తరిలో కొంచెం అన్నం మిగిలింది. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు. “అక్కా, మరి ఆ డ్రైవరుకి? పెట్టమంటావా?”

పంతులుగారు కూడా నా మాట కోసమే చూస్తున్నారు. పెట్టమంటే ఆ మనిషి పోయినట్టే, మావయ్య చేతుల్లో పోయినట్టే. వద్దంటే, నిజంగా పోయుంటే, ఈ ఒడ్డున ఆయన్ని తలుచుకోవడానికి ఇక మావయ్య కూడా లేరు. నాకు ఏడుపొచ్చింది. తల అడ్డంగా ఊపాను.

తమ్ముడు పిడికిలి బిగించి నీళ్లలోనే నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి మెతుకులు ఒక్కొక్కటే జారి నీళ్లలో పడుతున్నాయి.