గట్టిపిండం

మా అత్తగారి అసలు పేరుతో ఆ రేవులో ఎవరికీ పని పడలేదు. పడవ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరూ ఆమెను గట్టిపిండం అనేవాళ్లు. మనుషుల్నీ, మేకల్నీ, సిమెంటు బస్తాల్నీ ఏళ్ల తరబడి ఏరు దాటించింది. చిన్నప్పుడు చలిజ్వరం ఎన్నిసార్లు వణికించిందో ఆమెకే గుర్తులేదు. పెద్దయ్యాక మాత్రం ఒక్కసారీ మంచం ఎక్కలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేది, అడగనివాళ్లకూ చెప్పేది.

నేను మెట్ట ప్రాంతం పిల్లను. కాపురానికొచ్చిన మొదటి వానల్లోనే మలేరియా నన్ను పడేసింది. వేడినీళ్లు తాగిస్తూ అత్తగారు, "ఏం ఒళ్లమ్మా నీది, పూచికపుల్లలా!" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది, జ్వరంతో కాదు. అయినా జ్వరం దిగేదాకా తడిగుడ్డలు మార్చింది ఆవిడే. ఆ జ్వరంలోనే నా కడుపు పోయింది.

మళ్లీ నెల తప్పాను. "ఈసారిది గట్టిపిండమేలే" అంది అత్తగారు, నవ్వబోయి నవ్వలేక.

ఆ వారమే నర్సు వచ్చి ఇంటిల్లిపాదికీ వేలు గుచ్చి రక్తం చూసింది. నాది బాగానే ఉంది, మా ఆయనదీ బాగానే ఉంది. మలేరియా ఉన్నది అత్తగారి రక్తంలో! ఆమె పకపకా నవ్వింది.

"పొద్దున్నుంచీ తెడ్డు వేసొచ్చాను. జ్వరం లేనిదానికి మందేంటమ్మా?"

"మీకేం కాదు పెద్దమ్మా. చిన్నప్పట్నుంచీ దాంతో పోట్లాడి మీ ఒళ్లు రాటుదేలింది. కానీ మిమ్మల్ని కుట్టిన దోమే వెళ్లి మీ కోడల్ని కుడుతుంది."

అత్తగారి నవ్వు ఆగిపోయింది. పడవకు పూసిన తారు ఇంకా ఆమె వేళ్లకు అంటుకునే ఉంది. ఆ వేళ్లను చూసుకుంటూ, "అయితే అప్పుడు పోయిన బిడ్డ..." అంది.

"అది ఎవరి నుంచి వచ్చిందో ఎవరం చెప్పగలం? ఈ రేవులో సగం మంది మీలాంటివాళ్లే."

నర్సు ఇంకో మాటా దాచలేదు. రోగం తగలకుండా ఏళ్లు గడిస్తే ఆ పాత సత్తువ తగ్గొచ్చట. అప్పుడు జ్వరం వస్తే గట్టిగానే రావచ్చు, వెంటనే మందుకు రావాలట.

"పోతే పోనీ. ఇవ్వు" అని చెయ్యి చాపింది అత్తగారు.

అక్కడితో ఆగితే ఆమె మా అత్తగారెందుకవుతుంది? పరీక్షంటే ముఖం తిప్పుకునే పెద్దమనుషుల్ని పడవ ఎక్కించుకుని, నడి ఏట్లో తెడ్డు పైకి తీసి కూర్చునేది. "వేలు చూపిస్తానని ఒప్పుకుంటేనే ఒడ్డు!" అనేది. తిట్లు తింటూనే అందర్నీ దారికి తెచ్చింది. దోమతెర కట్టని ఇంటివాళ్లను పడవ ఎక్కనివ్వలేదు. ఆమె అంటే నాకు నిజమైన గౌరవం పుట్టింది అప్పుడే.

నాకు పాప పుట్టింది, జ్వరమన్నది ఎరక్కుండా పెరిగింది. పాప బడికి వెళ్లే వయసొచ్చిన ఏడు, వానల్లో, అత్తగారు తెడ్డు పట్టలేక వణుకుతూ ఇంటికొచ్చింది. రేవంతా వింతగా చూసింది. మా ఆయన నర్సు కోసం పరుగెత్తాడు. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఆమె వణుకు ఆగలేదు. అంత మనిషి అలా అయిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు నా మీద దోమతెర దించవే" అంది మాట కూడదీసుకుని. "నన్ను కుట్టిన దోమ పిల్ల దగ్గరికి పోకూడదు."