అనంతగిరి ఎక్కిన బీరప్ప కారు

తాండూరు నుంచి అనంతగిరి చూడబోయేవారు పొద్దుటి ప్యాసింజరు రైలు తప్పక అందుకోండి. వికారాబాదులో దిగితే కొండకు జట్కా దొరుకుతుంది. ఆ శనివారం నేను చాయ్ దుకాణంలో కబుర్లకు కూర్చుని రైలు పోగొట్టుకున్నాను.

స్టేషను బయట బీరప్ప తన కారు తుడుచుకుంటున్నాడు. నవాబుల ఇంట్లో వాడి వదిలేసిన కారు అది. గొర్లు కాసే ఇంట పుట్టిన ఈ పెద్దేముల్ మనిషి దాన్ని కొని కిరాయికి తిప్పుతున్నాడు. తానూ కొండకే పోతున్నానన్నాడు. దసరా తర్వాత అక్కడి క్షయ ఆసుపత్రిలో చేర్చిన భార్య మల్లమ్మకు నయమైందట.

"పన్నెండు లోపల పోవాలె సారూ. దాటితే దఫ్తర్ బందు, మల్ల సోమారం దాంక పంపరు. నా కార్లనే తోల్కొస్తనని మాటిచ్చిన ఆమెకు."

మూడు రూపాయలకు బేరం కుదిరింది. ఎనిమిదింటికి కదిలాం.

"పట్నంల పెద్ద షాపుల సర్వీసు చేయించిన," అన్నాడు దారిలో. "రేడియేటర్ కొత్తది ఏసిండ్రు. పది గొర్లు అమ్మిన. ఫికర్ లేదు, ఘాటు రోడ్డు మీద ఆమెకు తక్లీఫ్ కావొద్దు."

కారు ముందురోజు రాత్రే చేతికొచ్చిందట. కొత్త సామాను కుదురుకునేదాకా బానెట్ ఎత్తొద్దని షాపువాళ్లు చెబితే, పాపం, నమ్మాడు.

ధారూరు దాటి ఎత్తు మొదలవగానే బుసబుసమని ఆవిరి లేచింది. కారాపి బానెట్ ఎత్తాడు. రేడియేటర్ ముందువైపు నల్లరంగు మిలమిలలాడుతోంది. ఇంజను వైపు రంగు లేదు. అక్కడ వరసగా మూడు కుంకుమ బొట్లున్నాయి.

"గివి మా మల్లమ్మ పెట్టినయే," అన్నాడు బీరప్ప నెమ్మదిగా.

దసరా పూజకు అందరూ దీపాలకూ స్టీరింగుకూ బొట్టు పెడితే, మల్లమ్మ మాత్రం కష్టపడేది లోపలున్నదే కదా అని బానెట్ ఎత్తించిందట. వేడికి రాలిపోకుండా కుంకుమను నూనెలో కలిపి పెట్టిందట. పాతదానికే రంగు పూసి కొత్తదని అంటగట్టారన్నమాట. నా ఒళ్లు మండిపోయింది. సోమవారం ఇద్దరం పట్నం పోదాం, ఈ బొట్లే సాక్ష్యం, వాళ్లను కడిగేద్దాం అన్నాను.

"మా నాయిన ఇచ్చిన గొర్లు సారూ," అన్నాడతను, రాయి మీద కూలబడి.

ఎక్కువసేపు అలా కూర్చునే వీలు కూడా లేదు. కారు చల్లారాక నేను డబ్బా పట్టుకుని దారి పక్క బావికి పరుగెత్తాను. నీళ్లు పోయడం, కాస్త దూరం పోవడం, మళ్లీ ఆగడం. కొండెక్కేసరికి పన్నెండు కావస్తోంది. మల్లమ్మ మూట కట్టుకుని వరండాలో కూర్చుంది. కారు చూడగానే లేచి నిలబడింది. బీరప్ప దఫ్తరులోకి ఉరికాడు.

ఆమెను పంపే కాగితం చేతికొచ్చి ఆ గడబిడ తీరాక నేను కొండ మీది గుడికి వెళ్లి పద్మనాభస్వామిని దర్శించుకున్నాను. తర్వాత ముగ్గురం వికారాబాదు దిగి పూటకూళ్ల ఇంట్లో భోంచేశాం. పప్పుచారు చాలా బాగుంది.

తాండూరుకు తిరుగుదారి కూడా ఆ కొండ మీదుగానే. వికారాబాదు వైపు నుంచి ఎక్కేటప్పుడు కారు మళ్లీ ఆగింది. బీరప్ప అడ్డం నిలబడి బానెట్ ఎత్తాడు గానీ మల్లమ్మ దిగి వచ్చి పక్కనుంచి తొంగి చూసింది.

"నా బొట్లు గిట్లనే ఉన్నయేంది? కొత్తది ఏపిస్తనంటివి గద."

ఆమె అతని ముఖంలోకి చూసి మెల్లగా నవ్వింది.

"నేను పెట్టిన బొట్లు పోతయని పాతదే ఉంచుకున్నవా?"

అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఆ... ఇయ్య బుద్ధి కాలే," అన్నాడు.

"గింత పిచ్చి మనిషి ఉంటడా సారూ," అని మల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఉండడమ్మా," అని డబ్బా తీసుకుని నీళ్లకు పోయాను.

దీపాలు పెట్టే వేళకు తాండూరు చేరాం. ఆ షాపువాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ సోమవారం మాట బీరప్ప ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు. మీరు మాత్రం రైల్లోనే వెళ్లండి. నేను ఇంకోసారి వెళితే ఆ కారులోనే వెళతాను, నీళ్ల డబ్బా పట్టుకుని.