బాపు ట్రాక్టరు మీద నా కబుర్ల కొలువు

మొన్న ఆదివారం నిజామాబాద్‌లో చుట్టాల పెండ్లి భోజనం చేసి కారులో బోధన్‌కు తిరిగి వస్తుంటే, ఎడపల్లి ఇంకా రాకముందే బండి నడుపుతున్న మా అబ్బాయి ఆవులించాడు. వెనక సీట్లో కోడలు కునుకు తీస్తోంది. ఇక ముందు సీట్లో ఉన్న నా నోరు ఆగితే ఒట్టు! పప్పులో ఉప్పు సరిపోయిందా, పెండ్లికొడుకు ఏం పని చేస్తాడు, చేన్లో బోరు ఎప్పుడు బాగుచేయిస్తావు అని అడుగుతూనే పోయాను. వాడు అన్నింటికీ "ఊ" అంటున్నాడు. ఆ "ఊ" వినేసరికి ఇక కారు పక్కకు తీసి మొహం కడుక్కుని చాయ్ తాగేదాకా వాణ్ని వదల్లేదు. "ఏందమ్మా గిది, అద్దగంటల ఇంట్ల ఉంటం గద!" అని విసుక్కున్నాడు. విసుక్కోనీ. ఆ "ఊ" సంగతి వాడికేం తెలుసు?

చెరుకు బండ్ల కాలం చూసిన నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. మా బాపు, అంటే మా నాయన, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు వరసలో రాత్రంతా కాచుకుని, పొద్దున చెరుకు దింపి, వట్టి బండిలో తువ్వాల పరుచుకుని పడుకున్నాడంటే, ఎడ్లే తోవ పట్టుకుని, ఎదురొచ్చిన లారీకి పక్కకు జరిగి, తిన్నగా మా వాకిట్లో వచ్చి ఆగేవి. బాపును లేపేది మా అవ్వ, అదే మా అమ్మ. తర్వాత పెదనాయనతో కలిసి ట్రాక్టరు కొన్నారు. ఎడ్లు పోయాయి గాని, ఆ నిద్ర మాత్రం పోలేదు.

అవ్వకు అదే దిగులు. అందుకని బడి లేని రోజుల్లో నన్ను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి, "ముచ్చట చెప్పుకుంట పో బిడ్డా, బాపు ఊ అనకపోతే గిచ్చు" అని పంపేది. పిల్లను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టడం అంతకన్నా ప్రమాదమని అప్పుడు ఎవరికి తోచింది చెప్పండి! నేను అసలే వాగుడుకాయను, నాకు అదొక పెద్ద కొలువు దొరికినట్టయింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, చెరుకు దింపి మా ఊరికి వస్తూ, రుద్రూర్ దాటాక కాలువ గట్టు పక్కన పోతున్నాం. నేను మా మేకపిల్ల చేష్టలు చెబుతున్నాను, బాపు ఊ కొడుతున్నాడు, ట్రాక్టరేమో మెల్లమెల్లగా కాలువవైపు జరుగుతోంది. ఏదో అనుమానం వచ్చి, "బాపూ, నిద్రపోతున్నవా?" అని అడిగాను.

"ఊ" అన్నాడు.

అమ్మో! గిచ్చడం మరిచిపోయి కెవ్వున అరిచాను. బాపు ఉలిక్కిపడి లేచి, బ్రేకు తొక్కాల్సింది పోయి, "హో... హో" అంటూ స్టీరింగును రెండు చేతులా పగ్గాల్లాగా వెనక్కి గుంజాడు. ముందు చక్రం గట్టు దిగి మెత్తటి మట్టిలో కూరుకుపోయి ఇంజను ఆగిపోయింది కాబట్టి ఇద్దరం మిగిలాం. బాపు కిందికి దిగి, నిండుగా పారుతున్న నీళ్లవైపు ఒకసారి చూసి, నన్ను ఎత్తుకుని భోరున ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదే మొదలు.

ఆ తర్వాత నన్ను ట్రాక్టరు ఎక్కనివ్వలేదు. కండ్లు బరువెక్కితే చాలు, ఎక్కడంటే అక్కడ రోడ్డు దిగి బండి ఆపి, ఏ చెట్టు నీడనో పడుకునేవాడు. తోటి రైతులు "ఏందే, రోడ్డు పొంటి కాపురం పెట్టినవా?" అని ఆట పట్టిస్తే, "ఎడ్లకు తోవ ఎరుక, దీనికేం ఎరుకరా భయ్?" అనేవాడు. ఇంటి దగ్గర నేనూ అవ్వా కాలుగాలిన పిల్లుల్లా తిరిగేవాళ్లం, అయినా ఆలస్యమయ్యేకొద్దీ మాకు ఒక ధైర్యం ఉండేది, ఎక్కడో ఆపి పడుకున్నాడులే అని.

ఇప్పుడు ఆలస్యమైతే ఆ ధైర్యం రాదు. మా అబ్బాయి రోజూ నిజామాబాద్‌లో డ్యూటీ దిగి ఒక్కడే కారులో వస్తాడు. చెరుకు బండ్లు లేవు, రోడ్డు నున్నగా ఉంది, అందరికీ తొందరే, మధ్యలో ఆపి పడుకునే ఓపిక ఎవరికుంది? పోనీ ఫోను చేసి నాలుగు ముచ్చట్లు చెబుదామా అంటే, బండి నడిపేవాడికి ఫోను చేయడం కూడా వాడి ప్రాణం మీదికి తేవడమే. పక్కన కూర్చుని మాట్లాడుతుంటేనే బండి నడిపేవాడు బతుకుతాడని నమ్మి పెరిగినదాన్ని, ఇవాళ నా కొడుకు బతకాలనే నోరు మూసుకుని, వాడు గేటు తీసేదాకా ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ ఉంటాను.