పదకొండు కుండీల చలికాలం

వనపర్తి అంచున గుట్ట కింద వాడలో, ఏసురత్నం ఇంటి అరుగు మీద ఆ ఏడు పదకొండు కుండీలుండేవి. వాటిలో ఒక్కటి కూడా ఆయనది కాదు.

కుండీలంటే పూలతోటల్లో కనిపించే నున్నటి కుండీలు కావు. రంగు డబ్బాలు, నూనె డబ్బాలు, అంచు విరిగిన కాగు, చెవి ఊడిన బకెట్టు. ఒకదాంట్లో పుదీనా, ఒకదాంట్లో నిమ్మగడ్డి, ఇంకోదాంట్లో వాము ఆకు. మందు సీసాలో మనీప్లాంటు. ప్రతిదాని వెనక ఒక తాళం పడిన ఇల్లుంది.

వరుసగా రెండో ఏడు వానలు మొహం చాటేశాయి. కార్తీకం దాటగానే వాడలో సగం మంది గుంపు మేస్త్రీ వెంట లారీ ఎక్కి, పుణె వైపు కాలువ పనులకు పోయారు. మళ్ళీ ఉగాదికే రావడం. బర్రెను చుట్టాల కొట్టంలో కట్టేసి పోవచ్చు. కోళ్ళను కూర వండుకుని పోవచ్చు. డబ్బాలో పెంచుకున్న పుదీనాను ఏం చేస్తారు? పోయేరోజు పొద్దున్నే తెచ్చి ఏసురత్నం అరుగు మీద పెట్టి, "మామా, జర చూస్తుండు" అని చెప్పి పోతారు. అది ఆ వాడలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

ఆయన దగ్గరే ఎందుకంటే, ముప్పయ్యొక్క ఏళ్ళు మిషన్ స్కూల్లో నీళ్ళు మోసిన మనిషాయన. బావి నుంచి కావడి, కావడి నుంచి తరగతి గదుల ముందున్న కుండలు, మిగిలితే సిస్టరమ్మల గులాబీలు. ఒక్కనాడు కూడా ఒక్క కుండ ఖాళీగా ఉండలేదు. ఆయన మోసిన నీళ్ళన్నీ ఒకేసారి వదిలితే బీచుపల్లి దగ్గర కృష్ణమ్మ పక్కకు తప్పుకుని దారి ఇస్తుందని వాడలో చెప్పుకునేవారు. ఆ మాట మొదట పుట్టించింది ఏసురత్నమే.

ఆ ఏడు అందరికంటే ఆఖరున వచ్చిన డబ్బా తిరుపతమ్మది. ఎదురింటి రామన్న భార్య. ఒక చంకలో బట్టల మూట, ఇంకో చంకలో తులసి.

"మామా, ఇది మా తెలకపల్లి అమ్మగారింటి తులసి. విత్తనాలు కొంగున కట్టుకొని తెచ్చుకున్న. ఊరికి తిరిగొచ్చినప్పుడు దీనికి దీపం పెట్టినంకనే తాళం తీస్త. నీకు ఎరుకే గదా."

"ఎరుకే బిడ్డా."

"ఎండిపోయిన తులసి ముందట మాత్రం తాళం తియ్య. అరుగు మీదనే పంటా."

"నీ తులసి ఎండుడా? నా చేతులల్లనా?" ఏసురత్నం నొచ్చుకున్నాడు. "నీళ్ళు పోసుడు గాదు, తానమే చేపిస్త. పో, లారీ కూత పెడుతుంది."

లారీ మలుపు తిరిగాక ఆయన భార్య ఎస్తేరు తలుపు దగ్గర నిలబడి అడిగింది. "తులసమ్మ మనింట్ల కూసుంటే పాస్టరు ఏమంటడో!"

"ఏమంటడు? దగ్గొచ్చినప్పుడు నాలుగాకులు అడుగుతడు."

తిరుపతమ్మ ప్రతి ఆదివారం పని చోటి నుంచి కృష్ణయ్య కిరాణా దుకాణానికి ఫోను చేసేది. చర్చి నుంచి వచ్చిన ఏసురత్నం తెల్లంగి విప్పకుండానే దుకాణం మెట్టు మీద కూర్చునేవాడు. మొదటి ఆదివారం, "మంచిగున్నది" అన్నాడు. అది నిజం. రెండో ఆదివారం, "జానెడు పెరిగింది" అన్నాడు. అందులో బెత్తెడు నిజం. ఫోనులో ఆ పిల్ల గొంతు సంతోషపడటం వినేసరికి ఆయనకు నాలుక ఆగలేదు. మూడో వారానికి తులసి నడుము దాకా వచ్చింది. నాలుగో వారానికి ఛాతీ దాకా.

"చిలుకలొచ్చి దాని కింద పంచాయతీ పెడుతున్నయి బిడ్డా. లేపితె లేస్తలేవు."

చక్కెర తూచుతున్న కృష్ణయ్య తక్కెడ కింద పెట్టి మరీ విన్నాడు.

ఇంతలో చలి దిగింది. ఆ ఏడు వనపర్తిలో కొబ్బరినూనె బుడ్లల్లోనే గడ్డకట్టింది. ఇది నిజం. పొద్దున్నే కోడి కూద్దామని నోరు తెరిస్తే కూత అందులోనే పేరుకుపోయి, ఎండెక్కాక కరిగి బయటికి వచ్చింది. ఇది ఏసురత్నం చెప్పింది.

కుండీల విషయంలో మాత్రం ఆయన ఆటలాడలేదు. బండ చల్లదనం వేళ్ళకు ఎక్కుతుందని డబ్బాల కింద చెక్కముక్కలు పెట్టాడు. పొద్దున ఎండ ఎటుంటే అటు జరిపాడు. సాయంత్రం కాగానే అన్నిటినీ గోడకు చేర్చి, నాలుగు కర్రలు పాతి, మీద గొంగడి కప్పాడు. ఆకులకు తగలకుండా గుడారంలా లేపి కట్టాడు. మనీప్లాంటు సీసాను అరుగు మీంచి తీసి లోపల దేవుని పటం కింద పెట్టాడు. గొంగడి తొమ్మిదింటికే చాలింది. వాము ఆకు డబ్బా మిగిలిపోతే తలుపు వెనక పెట్టాడు, పెట్టి మరచిపోయాడు.

"నా గొంగడేదయ్యా?" అని ఎస్తేరు ఇల్లంతా వెతికింది.

"పుదీనాకు జొరమొచ్చేటట్టుంది. కప్పిన."

"నాకొస్తే?"

"నీకొస్తే నువ్వు చెప్తవు. వాడంత ఇనేటట్టు చెప్తవు. అది చెప్పలేదు పాపం."

నీళ్ళ సంగతైతే అడగనక్కర లేదు. వీధి నల్లా నాలుగు రోజులకోసారి వచ్చేది. అయినా కుండీలకు పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు తప్పలేదు. చన్నీళ్ళు పోస్తే మొక్క జడుసుకుంటుందని బిందెను ఎండలో పెట్టి, వెచ్చబడ్డాక పోసేవాడు. తన స్నానం రెండు రోజులకోసారికి, తర్వాత మూడు రోజులకోసారికి జరిపాడు. చర్చిలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు ఒక్కొక్కరే ముందు వరుసకు జరిగారు. పాస్టరు అది భక్తి అనుకున్నాడు.

క్రిస్మస్ దాటిన వారం తులసి కింది ఆకులు పసుపుబారాయి. ఏసురత్నం ఇంకో చెంబు పోశాడు. పై ఆకులు వాలాయి. మధ్యాహ్నం కూడా ఒక చెంబు మొదలుపెట్టాడు. కొత్త సంవత్సరానికి ముట్టుకుంటే ఆకులు రాలుతున్నాయి, కాడ నల్లబడుతోంది. ఆయన పోస్తూనే ఉన్నాడు.

తప్పు ఆయనది అనలేం. పుట్టినప్పటి నుంచి ఆయన చూసినవి ఎండిన చేలు, పగిలిన నేల, ఆకాశం వైపు చూసే మనుషులు. ఆకు పసుపుబారితే దప్పిక అని ఒకటే అర్థం. నీళ్ళెక్కువై చచ్చిన మొక్కను పాలమూరులో ఎవరు చూశారు?

ఆ ఆదివారం ఫోనులో తులసి ఎట్లుంది అంటే, "ఛాతీ దాకనే ఉన్నది" అని ఊరుకున్నాడు. చిలుకల ఊసు ఎత్తలేదు. ఇంటికి వచ్చి అన్నం కలుపుకుని వదిలేశాడు.

ఎస్తేరు చూసింది. "ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. ఇయ్యాల నువ్వెన్ని గిలాసల నీళ్ళు తాగినవ్?"

"ఏందే గా లెక్క?"

"ఎండకాలం బిందె నీ పక్కకే ఉంటది. ఇయ్యాలెన్ని?"

ఏసురత్నం ఆలోచించాడు. "పొద్దున ఒకటి. అన్నం తినేటప్పుడు సగం."

"నీకు దప్పిక గాలేదు. దానికెట్లయితదయ్యా? చలికి అది గూడ ముడుసుకోని పండుకున్నది. పండుకున్నోళ్ళ నోట్లె నువ్వు మూడు పూటల చెంబు దిమ్మరిస్తున్నవ్."

"నీళ్ళతోని యాడన్న సస్తయానే? నేను ముప్పయ్యొక్క ఏండ్లు..."

"నువ్వు పోసింది పిల్లలకు. వద్దంటె కుండ ముట్టకుండ పోతరు. తులసి యాడికి పోతది?"

ఏసురత్నం కోపంగా చెంబు పట్టుకుని లేచాడు. ఎస్తేరు వాదించలేదు. తలుపు వెనకకు పోయి వాము ఆకు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆకులు చెవి తమ్మెల్లా దళసరిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"నిన్న బజ్జీలకని తెంపిన. దీనికి నువ్వు చుక్క నీళ్ళు పొయ్యక మూడు వారాలాయె. మరిసిపోయినవ్ గదా, బతికింది."

ఏసురత్నం ఆ డబ్బా వైపు చూశాడు. చెంబు వైపు చూశాడు. తన చెంబు తనను చూసి నవ్వినట్టనిపించింది. మెల్లగా కింద పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే తులసి డబ్బాను పక్కకు వంచి మొక్కను లాగాడు. అడుగున మేకుతో కొట్టిన చిల్లు మట్టి పట్టి మూసుకుపోయింది. లోపల బురద. వాసనకు ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. కుళ్ళిన వేళ్ళు తీసేస్తే నాలుగు తెల్ల వేళ్ళు మిగిలాయి. నల్లబడిన కాడలు కోసేస్తే జానెడు పుల్ల మిగిలింది. చిల్లు మళ్ళీ కొట్టి, మీద పెంకు బోర్లించి, ఇసుక కలిపిన పొడిమట్టిలో ఆ పుల్లను నిలబెట్టాడు. కోసేసిన కొమ్మలకున్న ఎండు కంకుల్ని ఎస్తేరు అరచేతిలో నలిపి ఆ మట్టి మీద చల్లింది. "వస్తే వస్తయి" అంది. మిగతా డబ్బాలన్నిటికీ చిల్లులు పొడిచి చూశారు. పుదీనా సగం బతికింది, నిమ్మగడ్డికి ఏమీ కాలేదు.

ఇక ఫోనులో తులసిని దించడం మొదలైంది. ఛాతీ దాకా ఎక్కించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది కదా, దించడానికి కూడా అంతే పడుతుందని ఆయన లెక్క.

"జర గుబురుగున్నదని కొసలు కత్తిరించిన బిడ్డా. నడుము దాకుంది."

మరుసటి వారం, "గాలి ఎక్కువున్నదని ఇంకింత కోసిన. మోకాలి దాకుంది."

ఆ పై వారం ఆయన నోరు తెరవకముందే తిరుపతమ్మ అందుకుంది. "మామా, గిట్లనే ఇంకో రెండు ఆదివారాలైతె నా తులసి భూమిల దిగబడతది. ఏమైందో నిజం చెప్పు."

దుకాణంలో కృష్ణయ్య తక్కెడ మళ్ళీ ఆగింది. ఏసురత్నం ఫోను తీగను వేలికి చుట్టుకుని, విప్పి, చెప్పాడు.

"నీళ్ళెక్కువ పోసి సంపిన బిడ్డా. పుల్ల మిగిలింది."

అవతల కాంక్రీటు మిల్లరు తిరుగుతున్న చప్పుడు.

"పుల్ల పచ్చగున్నదా?"

"గోరుతోని గీకి చూసిన. లోపల పచ్చగనే ఉన్నది."

"నీళ్ళెక్కువనా మామా?" అంది తిరుపతమ్మ మెల్లగా. "మన ఊర్లెనా?"

ఆ మాటలో కోపముందో ఆశ్చర్యముందో తేల్చుకోకముందే ఫోను తెగిపోయింది. పని ముందే ముగుస్తుందని, ఉగాదికి వారం ముందే లారీ వస్తుందని మరుసటి రోజు కృష్ణయ్య కబురు మోసుకొచ్చాడు.

ఏసురత్నం జీవితంలో కష్టమైన రోజులంటే అవే. కావడి మోసిన ముప్పయ్యొక్క ఏళ్ళు ఒక ఎత్తు, చెంబు ముట్టకుండా కూర్చున్న ఆ రెండు నెలలు ఒక ఎత్తు. ఎస్తేరు చెప్పిన పద్ధతి ఒకటే. మట్టిలో వేలు రెండు కణుపులు దించాలి, పొడిగా తగిలితేనే సగం గిలాస, అదీ పొద్దున్నే. ఆయన రోజుకు ఇరవై సార్లు వేలు దించేవాడు. ఇన్నిసార్లు నాటితే ఆ వేలే చిగురేసేది అని కృష్ణయ్య ఎగతాళి చేశాడు. బజారులో గుబురైన తులసి తెచ్చి డబ్బాలో నాటేద్దామని ఒకరోజు చెప్పులు వేసుకుని గడప దాటాడు కూడా.

"తెలకపల్లి తులసిని గుర్తుపట్టదా ఆ పిల్ల?" అంది ఎస్తేరు లోపలి నుంచి.

చెప్పులు విప్పేశాడు.

శివరాత్రి పోయింది, చలి తగ్గింది, ఎండ అరుగెక్కింది. గొంగడి ఎస్తేరుకు తిరిగొచ్చింది, పుదీనా వాసనతో.

లారీ పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. రామన్న మూటలు దించుతుంటే తిరుపతమ్మ తన ఇంటి వైపు చూడకుండా నేరుగా ఏసురత్నం అరుగు దగ్గరికి నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

డబ్బా నడుమ జానెడు పుల్ల. పుల్ల కణుపు దగ్గర గోరంత రెండు ఆకులు. దాని చుట్టూ, మట్టి కనపడకుండా, ఆవగింజలంత ఆకులతో, లెక్కపెట్టలేనన్ని తులసి మొలకలు.

తిరుపతమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. వంగి వాసన చూసింది.

"ఛాతీ దాకుండె అంటివి గదా మామా?"

"ఉండె బిడ్డా. నిలవడి నిలవడి కాళ్ళు గుంజి కూసున్నది. పిల్లలైనంక ఎవరైన కూసుంటరు గదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. మూటలోంచి ప్రమిద తీసి, ఎస్తేరును అడిగి నూనె పోయించుకుని, ఆ అరుగు మీదనే దీపం పెట్టింది. తర్వాత పోయి తాళం తీసింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకున్న చప్పుడు వినేదాకా ఏసురత్నం కూర్చోలేదు.

సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చి తమ డబ్బాలు తీసుకుపోయారు. అరుగు బోడిగా కనిపించింది. దీపాల వేళకు ముందు తిరుపతమ్మ ఒక పిడి విరిగిన చాయ్ కప్పు పట్టుకుని వచ్చింది. అడుగున చిల్లు పొడిచి ఉంది. లోపల మూడు మొలకలు.

"ఇది నీది మామా. వచ్చేటి చలికాలం ఇదీ, నాదీ పక్కపక్కకే ఉంటయి. వారానికి సగం గిలాస, అంతే."

ఏసురత్నం కప్పును రెండు చేతులతో అందుకుని అరుగు నడుమ పెట్టాడు. ఆయన చెయ్యి మెల్లగా చెంబు వైపు పోయింది.

"వేలు ముందు" అంది ఎస్తేరు, గొంగడి మడతపెడుతూ.