అక్క నా మీద వేసిన కేసు

కోర్టు మనిషి వచ్చిన రోజు నేను అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకు గుడ్లు పంచుతున్నాను. సమన్లు చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. పక్కనున్న ఆయాకు చదువు రాదు గానీ చెవులు బాగా పనిచేస్తాయి. సాయంత్రానికల్లా సారపాకలో మా వీధంతా ఒకటే మాట, టీచర్ మీద సొంత అక్కే కేసేసిందట అని. ఆస్తి గొడవని కొందరు, బంగారం గొడవని కొందరు. కొట్లాడుకునేంత ఆస్తే ఉంటే ఈ పేపరు మిల్లు వాసన పీలుస్తూ ఇక్కడెందుకుంటాం? నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. కేసు వేసింది అక్కే, వేయమన్నది మేమే. మా కూతురు అక్క దగ్గరికి విదేశం వెళ్లాలంటే అక్క నా మీద గెలవాలి, నేను ఓడిపోవాలి.

మా కూతురు అన్నానా, చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

అక్క ఖమ్మంలో ప్రైవేటు దవాఖానాలో నర్సుగా చేసేది. పిల్లలు కాలేదని భర్త వదిలేశాడు, విడాకులు కూడా అయిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు రెండో కాన్పయింది. ఆడపిల్ల. అంతకుముందే ఒక కొడుకున్నాడు. కాన్పు తర్వాత కామెర్లు ముదిరి నేను మంచం దిగలేకపోయాను. అక్క వచ్చి నెలల పిల్లను ఒళ్లో వేసుకుని ఖమ్మం తీసుకెళ్లింది. నాకు నయమయ్యాక పిల్లను తెచ్చుకుందామని వెళ్లాను. అక్క పిల్లకు నలుగు పెడుతూ నన్ను చూసి చెయ్యి ఆపేసింది. ఆ ముఖం చూశాక పిల్లనిమ్మని అడగలేకపోయాను. "నీ దగ్గర్నే ఉండనీ అక్కా" అని, అన్నం కూడా తినకుండా బస్సెక్కాను.

అంతే. అంతకు మించి ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. పూజ లేదు, పెద్దమనుషులు లేరు. పిల్ల అక్కను అమ్మ అంది, నన్ను చిన్నమ్మ అంది. తను ఎవరి కడుపున పుట్టిందో దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలిసినా ఏ మార్పూ లేదు. జ్వరం వస్తే అక్కనే కలవరించేది.

దానికి పన్నెండేళ్లున్నప్పుడు అక్కకు యూరప్‌లో, ముసలివాళ్లను చూసుకునే ఒక ఆశ్రమంలో నర్సు ఉద్యోగం వచ్చింది. ముందు తను వెళ్లి కుదురుకుని, తర్వాత పిల్లను పిలిపించుకుంటానంది. అప్పటిదాకా పిల్ల మా ఇంట్లో ఉండాలి. నేను పైకి అయ్యో అన్నాను గానీ లోపల సంబరపడ్డాను. పొద్దున్నే దాని తల దువ్వి రెండు జడలు వేస్తుంటే నా చేతులకే కొత్త పని దొరికినట్టుండేది. చిన్నమ్మా, రిబ్బన్ గట్టిగా కట్టు అనేది. ఒక్కసారైనా పొరపాటున అమ్మా అంటుందేమోనని చూసేదాన్ని. అది పొరపాటు పడే పిల్ల కాదు.

అక్కకు అక్కడ అన్నీ సర్దుకుని, పిల్ల వీసాకు పెట్టుకునేసరికి మూడేళ్లు దాటింది. ఎంబసీవాళ్లు బర్త్ సర్టిఫికెట్ చూశారు. అందులో తల్లిగా నా పేరుంది. స్కూల్లో అక్క పేరుంది. మీరు దత్తత తీసుకున్నట్టు రుజువేదని అక్కను అడిగారు. ఖమ్మంలో ఒక కన్సల్టెన్సీ అతను అక్క పేరుతో కొత్త సర్టిఫికెట్ పుట్టిస్తానన్నాడు. మా ఆయన పేపరు మిల్లుకు వచ్చే జామాయిల్ కర్ర దించే కాంట్రాక్టు పనిలో ఉంటాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ దొంగ సర్టిఫికెట్ మాట వినగానే కుర్చీలోంచి లేచి బయటికి నడిచాడు. మర్నాడు గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో ఒక వకీలు దగ్గరికి వెళ్లాం.

వకీలు సారు కాగితాలన్నీ తిరగేసి, "పిల్లనెప్పుడిచ్చిన్రు?" అని అడిగాడు.

మా ఆయనకు కోపమొచ్చింది. "పిల్ల ఇంక చదువుకుంటంది సార్. అప్పుడే ఎవరికిస్తం?"

పిల్లనివ్వడమంటే మాకు తెలిసింది పెళ్లికివ్వడమే. సారు నవ్వు ఆపుకుని, దత్తతకు ఇవ్వడం గురించి అడుగుతున్నానన్నాడు. తర్వాత ఆయన చెప్పింది విన్నాక మాకు నవ్వడానికేమీ మిగల్లేదు. పిల్లకు పదిహేనేళ్లు నిండాయి. నిండాక కొత్తగా దత్తత ఇస్తామంటే చట్టం ఒప్పుకోదు. చిన్నప్పుడే ఇచ్చామని కోర్టు చెప్పాలి. కోర్టు చెప్పాలంటే దావా ఉండాలి, దావా అంటే ఎవరో ఒకరి మీద వేయాలి. అందుకని అక్క మా మీద వేస్తుంది, మేం వెళ్లి నిజమేనని ఒప్పుకుంటాం.

ఆ రోజు మీరేమన్నారో చెప్పమని నన్నడిగాడు. ఉండనీ అన్నానని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఉండనీ అంటే పిల్ల మీదేనమ్మా. ఇచ్చిన అంటెనే ఆమెది. బాగ యాదికి తెచ్చుకోండ్రి."

అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. అనుంటే తిట్టైనా వచ్చేదాన్ని. యాదికి తెచ్చుకోమన్నాడు, అంతే. ఇంటికొచ్చి పిల్లను అడిగాను, నిజంగా వెళ్లాలనుందా అని. "మా అమ్మ దగ్గరికి గద, పోత" అంది, తింటున్న పళ్లెంలోంచి తలెత్తకుండానే. నేను ఆ రాత్రి పడుకుని, జరగనిదాన్ని యాదికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

సాక్ష్యానికి అక్క సెలవు పెట్టుకుని వచ్చింది. సన్నబడింది, జుట్టు కత్తిరించుకుంది. పిల్ల అక్క చెయ్యి వదిలితే ఒట్టు. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద ఇద్దరూ ఒకరికొకరు అతుక్కుని కూర్చున్నారు. నా తరఫున మా వకీలు స్నేహితుడొకాయన నిలబడ్డాడు. ఒప్పుకోవడానికి కూడా వకీలెందుకో నాకర్థం కాలేదు. జడ్జి చిన్న వయసు ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది. మళ్లీ ఎప్పటికీ తిరిగి అడగకూడదని తెలిసే పిల్లను ఇచ్చారా అని అడిగింది. నేను వెనక్కి చూడలేదు.

"అవ్ మేడం. తెలిసే ఇచ్చిన. ఇచ్చేసిన."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఒళ్లో పెట్టి ఇచ్చామని మా ఆయన కూడా చెప్పాడు. బయటికొచ్చాక అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. అక్క ఏడుపు నిజమైనదే. అందరం హోటల్‌కి వెళ్లి భోజనం చేశాం. పిల్ల ఇంకో స్వీటు చెప్పించుకుని తింది.

కొన్ని వాయిదాల తర్వాత తీర్పొచ్చింది. అక్క గెలిచింది. ఆ కాగితం విదేశం వెళ్లింది, మేం పిల్లకు స్వెట్టర్లు కొన్నాం. భద్రాచలంలో దొరికిన స్వెట్టర్లు అక్కడి చలికి పనికిరావని అక్క ఫోన్లో నవ్వింది. ఆ నెలలన్నీ నేను దాని ముందు ఏడవకుండా ఉండటం నేర్చుకున్నాను.

వీసా రాలేదు. వాళ్లు పంపిన జవాబు అక్క ఫోన్లో చదివి తెలుగులో చెప్పింది. పాప మూడేళ్లకు పైగా కన్న తల్లిదండ్రుల దగ్గర, సొంత అన్నతో, వాళ్లింట్లోనే పెరుగుతోంది. కాబట్టి ఇది విడిపోయిన కుటుంబం అనుకోవడానికి లేదు. ఇదీ వాళ్లన్నమాట. ఇక్కడి కోర్టుకు నేను తల్లిని కాను. అక్కడి ఆఫీసుకు నేనే తల్లిని. నన్ను కన్నతల్లీ అని ఒక ఆఫీసు పిలవడం అదే మొదటిసారి, పిలిచిందేమో పిల్ల దారి మూసేయడానికి.

వకీలు సారు అప్పీలు చేయొచ్చన్నాడు. పిల్లకు పద్దెనిమిది నిండేలోపు తేలాలి. అయితే పాప మీ ఇంట్లో ఉన్నంతకాలం ఆ అప్పీలుకు బలం ఉండదు, హాస్టల్లో వేయండి అన్నాడు. మీకూ పాపకూ రాకపోకలు ఎంత తగ్గితే అంత మంచిదట.

ఇంటికొచ్చాక నాలో ఏదో తెగింది. ఎవరి అప్పీలు, ఎవరి హాస్టలు, ఇది నా కూతురు, నా కడుపున పుట్టింది, ఎక్కడికీ పంపను అని అరిచాను. మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. పిల్ల బట్టలు మడతపెడుతూ ఉంది. చేతిలో ఉన్న చున్నీ కింద పెట్టింది.

"కోర్టుల ఇచ్చిన అని చెప్పినవ్ గద చిన్నమ్మా. మల్ల పంపనంటవేంది?"

కోపంతో అడగలేదు. నిజంగా అర్థంకాకే అడిగింది. అది కోర్టులో విన్నది ఒక్కటే మాట, దానికి అదే నిజం. నేనేం చెప్పాలి? అబద్ధమాడానంటే అక్కను తల్లి కాదన్నట్టు. నిజమంటే ఇంక అరవడానికి నేనెవరిని? వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

జూన్‌లో ఖమ్మంలో ఇంటర్‌లో చేర్పించి అక్కడే హాస్టల్లో పెట్టాం. నెలకోసారి వెళ్లేదాన్ని. జంతికలో, సున్నుండలో సంచిలో వేసుకుని బస్సెక్కితే సగం రోజు ప్రయాణం. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో పేరు, వరస రాయించుకుంటాడు. చిన్నమ్మ అని రాసేదాన్ని. తర్వాత కబురు పంపితే అది వచ్చి చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని, ఫిజిక్స్ కష్టంగా ఉందని, కూరల్లో ఉప్పుండదని చెప్పేది.

పోయిన నెల వెళ్లినప్పుడు అది సంచి వైపు కూడా చూడలేదు. ఒంట్లో బాగాలేదా అని నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఆ చేతిని తీసి తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"నువ్వచ్చినప్పుడల్ల పుస్తకంల రాస్తున్నరు చిన్నమ్మా. రేపు ఎంబసీవాళ్లు ఆరా తీస్తే అవ్వన్ని చూస్తరట. అప్పీలు అయ్యేదాక రాకు."

అలాగేనన్నాను. సంచి దానికిచ్చాను. లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూసింది, నేను చెయ్యి ఊపాను. అప్పీలు ఇంకా తేలలేదు. నేను మళ్లీ వెళ్లలేదు.