మా గోడ మీది తుపాకీ

సినిమాల్లో వాడిన తుపాకులను పరీక్షించి, అవి నిజంగా తెర మీద కనిపించినవా, తర్వాత చేసిన నకళ్లా అని తేల్చి చెప్పడం నా పని. బంగళా చేజారాక తాతగారి ఇంటి నుంచి నా వెంట వచ్చింది తుపాకుల గురించిన పరిజ్ఞానం ఒక్కటే. లాలాగూడలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నా, వచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడను. కుర్చీ వేసి, సాసరులో కప్పు పెట్టి టీ ఇస్తాను. అది మా ఇంటి పద్ధతి.

మోండా మార్కెట్ దగ్గర పాత సామాన్ల దుకాణం నడిపే సాహెబు ఒక మధ్యాహ్నం దుప్పట్లో చుట్టి రైఫిల్ తెచ్చాడు. ఒక పాత సినిమాలో హీరో పట్టుకున్నదట. కొనేవాడున్నాడనీ, నా సంతకం లేనిదే తీసుకోనంటున్నాడనీ చెప్పాడు.

సినిమా పేరు వినగానే నవ్వొచ్చింది. నా చిన్నప్పుడు దాన్ని తీసింది మా బంగళాలోనే. హీరో చేతిలో ఉన్నది మా హాల్లో గోడ మీద వేలాడిన తాతగారి అసలు రైఫిల్. సినిమావాళ్ల డమ్మీ వద్దని నాన్నగారే దించి ఇచ్చారని ఇంటికొచ్చిన ప్రతివారికీ చెప్పుకునేవాళ్లం. బంగళా అమ్మినప్పుడు దాన్ని లైసెన్సుతో సహా పోలీసు స్టేషన్లో అప్పగించానని నాన్నగారు అన్నారు.

సాహెబు తెచ్చినది చెక్క. బారెల్‌కు నల్లరంగు వేసి ఉంది. మూతి దగ్గర రంధ్రం వేలి కణుపంత లోతే.

"ఇది ఆ సినిమాది కాదు," అన్నాను.

"బొమ్మ పెట్టి చూడకుండనే చెప్తున్రేంది సాబ్? ఎప్పుడు గిట్ల చెయ్యరు మీరు."

మాట నిజం. సినిమా పెట్టి, హీరో తుపాకీ ఎత్తిన చోట ఆపి, బొమ్మ పెద్దది చేశాను. గీతలు ఎవరైనా గీయగలరు. చెక్కలోని చారలను మాత్రం ఎవరూ తయారుచెయ్యలేరు. పిడి మీద మామిడి టెంకలాంటి నల్లటి ముడి, దాన్ని తప్పించుకుని పక్కకు తిరిగిన చార. తెర మీద ఉన్నది ఉన్నట్టే నా ఒళ్లో ఉంది.

నాన్నగారికి తెలియకుండా సినిమావాళ్లే డమ్మీ వాడి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. ట్రిగ్గర్ వెనక సందును సూదితో గీరాను. ఎండిన కుంకుమ, దాని కింద పసుపు, మళ్లీ కుంకుమ. పొరలు పొరలుగా రాలింది. దసరాకు ఆయుధపూజ రోజు నాన్నగారు బొట్టు పెట్టేది సరిగ్గా అక్కడే.

అసలుది ఎప్పుడు, ఎవరి చేతికి పోయిందో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. నాన్నగారు దాన్ని ఎవరినీ తాకనిచ్చేవారు కాదు. పట్టుపంచె కట్టుకుని, స్టూలెక్కి, రెండు చేతులతో దించేవారు. బరువుకు ఆయన మోచేతులు వణికేవి. కింద మేమంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

ఇప్పుడు నేను దాన్ని ఒక్క చేత్తో ఎత్తాను.

"ఏమైంది సాబ్? నకిలీదేనా?"

అవునంటే చాలు. తాతగారి రైఫిల్ ఏదో పోలీసు స్టేషన్లో భద్రంగా ఉండిపోయేది. కానీ మా ఇంట్లో ఎవరు ఏం చేసినా, నేను అబద్ధం కింద సంతకం పెట్టలేదు.

సినిమాలో వాడినదేనని రాసిచ్చాను. సాహెబు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు. తనకు పాత సామాన్ల కుప్పలో దొరికిందనీ, అంతకుముందు ఎవరిదో తెలియదనీ అన్నాడు.

"మాది," అన్నాను.

ఆయన టీ కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. తుపాకీని దుప్పట్లో చుట్టి, రెండు చేతులతో ఎత్తి అందించాను. నా మోచేతులు వణుకుతున్నాయి. అంత బరువేనన్నట్టు సాహెబు గబుక్కున కింద నుంచి రెండు చేతులూ పట్టాడు.